మాటలలోనుండి అంకెలను ఏరుట



గత మాసమున పట్టాదారు పాసు పుస్తకములోని గడులను గూర్చి ముచ్చటించుకొంటిమి. ఈ మాసమున దానికి చేరువయగు మఱియొక విషయమును మనవి చేయదలచితిని. మన యింటి కాగితములలో మాటలును అంకెలును, బియ్యములో వడ్లగింజలవలె, కలసియుండును. వానిలోనుండి అంకెలను మాత్రము ఏరియిచ్చు పనిని నేడు కంప్యూటరు చేయుచున్నది. ఏరవలసిన దాని రూపమును మనము కొన్ని గుర్తులతో వ్రాసి చూపినచో, అది యెంత పెద్ద వ్రాతనైనను క్షణములో వెదకి యట్టివానిని బయటికి దీయును. ఈ గుర్తుల వ్రాతకు రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అని పేరు. ప్రోగ్రాములు వ్రాయ నేర్చుకొను మన బాలికలు దీనిని పాఠముగా చదువుచున్నారు.

పేరు క్రొత్తదే గాని, ఊహ మనకు క్రొత్తది కాదు. పాణిని అచ్చులన్నింటిని మాటిమాటికి వల్లింపక, మొదటి యకారమును తుది గుర్తగు చకారమును చేర్చి ‘అచ్’ అనెను. ఆ రెంటి నడుమనున్న స్వరములన్నియు ఆ చిన్న మాటలో ఇమిడినవి. హల్లుల పేరును అట్టిదే. కంప్యూటరునకు మనము [0-9] అని వ్రాయుటయు ఇట్టి సంక్షేపమే. సున్న మొదలు తొమ్మిది వఱకు గల అంకెలలో ఏదైన ఒకటి యని దాని యర్థము. దాని ప్రక్కన + గుర్తు ఉంచినచో, అట్టి అంకె యొకటిగాని, అంతకు మించిగాని వరుసగా నుండవలెనని భావము. * గుర్తు ఉంచినచో, అసలే లేకున్నను సరియే, ఎన్ని యున్నను సరియే యని భావము. ఈ నక్షత్రపు గుర్తు అమెరికా గణితవేత్త స్టీఫెన్ క్లీనీ పేర పిలువబడుచున్నది. ఆయన 1951లో ఈ విషయమును వ్రాయగా 1956లో అది అచ్చుపడినది. 1968లో కెన్ థామ్సన్ అనునాయన కంప్యూటరులోని వ్రాతలో మాటలను వెదకుటకు దీనిని వినియోగించు విధమును ప్రకటించెను.

ఇక నొక ఉదాహరణము చూతము. భూమి బేరమును గూర్చిన చీటీ యొకటి యిట్లున్నదనుకొనుడు:

సర్వే నంబరు 214/అ, విస్తీర్ణము 2-15, బయానా రూ. 1,25,000, తేది 12-06-2025

దీనిపై [0-9]+ అను నమూనాను ప్రయోగించినచో వచ్చునవి యివి: 214, 2, 15, 1, 25, 000, 12, 06, 2025. చీటీలో నున్న సంగతులు నాలుగు. చేతికి వచ్చిన ముక్కలు తొమ్మిది! లక్షా యిరువదియైదు వేలు మూడు తునుకలైనవి. యంత్రము తప్పు చేయలేదు. అంకెల నడుమ కామాలు పెట్టుట మన యాచారమని దానికి ఎవరును చెప్పలేదు. [0-9]+(,[0-9]+)* అని వ్రాసినచో, కామా వెంటనే అంకె యున్నపుడు దానినిగూడ కలుపుకొని 1,25,000 అను మొత్తమును ఒక్కటిగా దెచ్చును. 214 మాత్రము లెక్కకు దిగు సంఖ్య కాదు, అది పొలము పేరు. ఫోను నంబరును అట్టిదే. కూడుటకు తగనివానిని కూడకుండుటయు వ్రాయువారి యెఱుకలోనిదే.

అన్నిటికంటె మెలకువ కావలసినది విస్తీర్ణము కడ. మన సీమలో 2-15 అనగా రెండెకరముల పదునైదు గుంటలు. నలువది గుంటలు ఎకరము. గుంట 121 చదరపు గజములు. దీనినే కొందఱు 2.15 అని చుక్కతో వ్రాయుదురు. ఊరివారికి ఆ చుక్క సంగతి తెలియును. కంప్యూటరు మాత్రము దానిని దశాంశముగా గైకొని, రెండెకరములమీద నూటికి పదునైదు పాళ్లని తలచును.

ఇందువలన కలుగు నష్టమును లెక్కించి చూతము. ఒక తండ్రికి మూడు తావుల 2-15, 1-30, 0-35 భూమి కలదు. గుంటలు కూడగా ఎనుబది, అనగా రెండెకరములు. పై మూడెకరములతో చేరి సరిగా ఐదెకరములు. సంతానము నలుగురు. హిందూ వారసత్వ చట్టమునకు 2005లో జరిగిన సవరణము సెప్టెంబరు 9నుండి అమలులోనికి వచ్చి, పిత్రార్జితమున కూతురికి కొడుకుతో సమానమగు హక్కు నిచ్చినది. కావున ఒక్కొక్కరికి ఎకరము పది గుంటలు రావలెను. అదే చుక్కల లెక్కగా కూడినచో 2.15, 1.30, 0.35 కలసి 3.80 అగును. నాలుగు పాళ్లు చేయగా ఒక్కొక్కటి 0.95 ఎకరము, అనగా ముప్పదియెనిమిది గుంటలు. పాలికి పండ్రెండు గుంటలు, 1,452 చదరపు గజములు, కాగితముమీదనే మాయమైనవి! దున్నెడువాడు తగాదా పడలేదు, గట్టు జరుగలేదు. చుక్క యొకటి భూమిని మ్రింగినది.

దీనికి మందు కలదు. విస్తీర్ణము ([0-9]+)-([0-9]+) అని వ్రాసినచో, ‘విస్తీర్ణము’ అను మాట తరువాత వచ్చు జంటనే యంత్రము పట్టును. తేదిలోని 12-06 జోలికి పోదు. కుండలీకరణములు రెండుండుటచే ఎకరములు వేఱుగను, గుంటలు వేఱుగను చేతికి వచ్చును. చీటీలలో చుక్క వాడుక యున్నచో గీతకు బదులు [-.] అని వ్రాసిన రెండును చెల్లును. పిమ్మట ఎకరములను నలువదిచే గుణించి గుంటలు కలిపి, అన్నింటిని గుంటలుగానే కూడవలెను. గుంటల స్థానమున ముప్పదితొమ్మిదికి మించిన సంఖ్య కనబడినచో ఎచ్చటనో పొరపాటున్నదని వెంటనే గ్రహింపవచ్చును.

మఱియొక చిక్కు కలదు. పాత దస్తావేజులలో ౨-౧౫ అని తెలుగు అంకెలుండును. కంప్యూటరు కంటికి ఇవి వేఱు అక్షరములు. 0 మొదలు 9 వఱకు గల అంకెలకు దాని పట్టికలో 48నుండి 57 వఱకు సంఖ్యలు. మన ౦ మొదలు ౯ వఱకు గలవానికి 3174నుండి 3183 వఱకు. [0-9] అని మాత్రమే వ్రాసినచో తెలుగు అంకెల వరుసను అది చూడకయే దాటిపోవును. తప్పనియు చెప్పదు, మొత్తము మాత్రము తగ్గును. [0-9౦-౯] అని వ్రాసినచో రెండును పట్టుబడును. నిజాము రాజ్యమున నుండిన ఈ సీమలో ఉర్దూ అంకెలతో నున్న పాత కాగితములును కలవు. వానికి వేఱు వరుస కావలెను.

అక్షరములలో వ్రాసిన సంఖ్య యీ నమూనాలకు అసలే చిక్కదు. దస్తావేజులలో అంకెలతోబాటు ‘అక్షరాల లక్షా యిరువదియైదు వేలు’ అని వ్రాయుట ఒకదానిచే రెండవదానిని సరిచూచుకొనుటకే. మన పెద్దలు శాసనములలో శకవర్షములను మాటలలోనే యిమిడ్చిరి. వేద మనగా నాలుగు, నేత్ర మనగా రెండు, అంబర మనగా సున్న. ‘వేద నేత్రాంబర నేత్ర’ యనినచో, కుడినుండి యెడమకు నడువగా 2024 అగును. సముద్ర మనినచో నాలుగని తఱచు గైకొందురు, ఏడని గైకొనుటయు కలదు. అట్టిచోట తిథివారములతో సరిచూచి నిర్ణయింపవలసినదే. మాటనుండి సంఖ్యను దీయుటకు, వ్రాసినవారి వాడుక తెలియవలెనను సూత్రము నాడును ఉన్నది, నేడును ఉన్నది.

కావున, తల్లులారా, మీ యమ్మాయి కంప్యూటరు ముందు కూర్చుండి యింటి భూముల లెక్క తీయుచున్నపుడు, అది మనకు తెలియని విద్య యని తొలగిపోకుడు. గీతకు అర్థమేమో, చుక్కకు అర్థమేమో, ఏ కాగితమున ఏ అంకెలున్నవో చెప్పవలసినవారు మీరే. అమ్మాయిలారా, నమూనా వ్రాయుటకు ముందు పది కాగితములు కన్నులార చదువుడు, అమ్మమ్మనడుగుడు. వ్రాసిన పిమ్మట రెండు మూడు వరుసలను చేతితో కూడి సరిచూడుడు. కాగితమున నెన్ని వరుసలున్నవో, యంత్రము ఎన్నింటిని తెచ్చినదో ఎంచి చూడుడు. ఈ రెండు పనులకును పట్టునది గడియ కాలము. ఆ గడియ కాలమే ఆడుబిడ్డకు రావలసిన పండ్రెండు గుంటలను నిలుపును.