దీపము లార్పిన పిదప

గురుకులమున నైదవ తరగతిలో చేరుటకై ఇల్లు విడిచి వచ్చు బిడ్డకు పదియేండ్లు నిండియు నిండకయు ఉండును; నవోదయ విద్యాలయమున ఆరవ తరగతిలో చేరువానికి మఱియొక యేడు అధికము. పేరు వ్రాయించిన ట్రంకుపెట్టె, దానికొక తాళము, పళ్లెము, గ్లాసు, దుప్పటి, అమ్మ కట్టి యిచ్చిన మామిడికాయ పచ్చడి సీసా, వీనితో గేటు దాటి లోనికి పోయిన ఆ బిడ్డ ఇంటర్మీడియటు ముగించి వెలుపలికి వచ్చునాటికి బాల్యమంతయు గడచిపోయి యుండును. ఇన్నేండ్లును ఆ బిడ్డకు గణితము ఎవరు చెప్పిరో, ఎన్ని మార్కులు వచ్చెనో మనము అడిగి తెలిసికొందుము. రాత్రివేళ దగ్గఱ నుండి చూచుకొనినవా రెవరని మాత్రము అడుగము. వసతిగల పాఠశాల యొక్క యోగ్యతను సాయంకాలపు స్టడీ అవర్ ముగిసినది మొదలు తెల్లవారుజామున గంట మ్రోగు వఱకు గల వేళలోనే పరీక్షింపవలెననియు, మన ప్రభుత్వములు, మన పత్రికలు, పిల్లలను పంపు మనమును ఆ వేళను గూర్చి పట్టించుకొనకయే ఇంతకాలము గడపితి మనియు నా దృఢాభిప్రాయము.

చదువుకొఱకు ఇల్లు విడుచుట మనకు క్రొత్తగాదు. రోజున కొక యింట భోజనము చేయుచు, ఎవరి అరుగుమీదనో పండుకొని, వారములు చేసికొని చదివినవారు మన పెద్దలలో ఎందఱో కలరు. ఆ అన్నములో దయ కొంత, అవమానము కొంత కలిసియుండెడివి. ఆ వాకిళ్లు అన్ని కులముల బాలురకును తెఱవబడినవి గావు, బాలికల మాట తలపనే అక్కఱలేదు. అయినను వారము తప్పి బాలుడు రాకున్న, ఏమి జ్వరము వచ్చెనో యని కనుగొనుటకు ఒక గృహిణి యుండెడిది. తరువాత హాస్టళ్ల కాలము వచ్చెను. రాజబహద్దూర్ వేంకటరామారెడ్డి పూనికతో హైదరాబాదున 1918లో వెలసిన రెడ్డి హాస్టలు తెలంగాణపు పల్లెలనుండి వచ్చిన యువకులకు నిలువ నీడ యయ్యెను. వారములును అట్టి వసతులును అందని నిరుపేదల బిడ్డలకై ప్రభుత్వమే పూనుకొనినది 1971లో: పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా నున్నపుడు నల్లగొండ జిల్లా సర్వేలు గ్రామమున తొలి గురుకులము ఆరంభమైనది; ఆ వెంటనే గుంటూరు జిల్లా తాడికొండలోను, అనంతపురము జిల్లా కొడిగెనహళ్లిలోను అట్టివియే వెలసినవి. ఎస్.ఆర్. శంకరన్ వంటి అధికారుల పట్టుదలతో 1980ల దశకమున దళిత బాలబాలికలకు సాంఘిక సంక్షేమ గురుకులములును, 1986 నాటి జాతీయ విద్యావిధానముతో నవోదయ విద్యాలయములును విస్తరించినవి.

ఈ పాఠశాలలు చేసిన మేలును తక్కువ చేసి మాటలాడుట కృతఘ్నత. కూలికి పోవు తలిదండ్రుల బిడ్డ మాలావత్ పూర్ణ 2014 మే 25న, పదునాలుగేండ్లు నిండకమునుపే, ఎవరెస్టు శిఖర మెక్కినది. ఆమెతోపాటు ఎక్కిన ఆనంద్ కుమారును అట్టి గురుకులమునందు చదివినవాడే. శిఖరముల మాట యటుండనిండు. కరెంటు లేని యింట, తమ్ముని చంకనెత్తుకొని, పొలము పిలుపునకును బడి గంటకును నడుమ నలిగిపోవలసిన బాలిక ఒకచోట కూర్చుండి పుస్తకము తెఱచుటకు వ్యవధి దొరకుటయే ఘనకార్యము. మూడు పూటల తిండి, తన బట్టలు తాను ఉతుకుకొను నేర్పు, జీవితాంతము విడువని స్నేహములు, ఇవి గురుకులమున చదివిన వారందఱును చెప్పుకొను లాభములు. వారి మాట సత్యము.

అయితే నెలకొక ఆదివారము ఏ గురుకులపు గేటు వద్దనైనను ఒక పూట నిలిచి చూడుడు. తెల్లవారక ముందే బస్సెక్కి, ఒకనాటి కూలి పోగొట్టుకొని వచ్చిన తల్లి చెట్టునీడన టిఫిను క్యారేజీ విప్పి, కోడికూర కలిపి, ఎనిమిదవ తరగతి చదువుచున్న కొడుకునకు సిగ్గుపడుచున్నను ముద్దలు నోటికే అందించును. తల్లి రాని పిల్లవా డొకడు ఆ ప్రక్కనే ఏదో పనియున్నట్లు తిరుగుచుండును. ఆమె వానిని గూడ పిలిచి పెట్టును. తక్కిన దినములలో ఆధారము టెలిఫోను. వరుసలో నిలిచి, వెనుకవాడు తొందరపెట్టుచుండగా దొరికిన రెండు మూడు నిమిషములలో ‘తిన్నవా బిడ్డా’ అని తల్లి అడుగును, ‘తిన్ననమ్మా’ అని బిడ్డ చెప్పును. చెప్పదలచినది గొంతులో నుండగనే ఫోను మఱియొకరి చేతికి పోవును. బెంగ యన్నది రెండు వారములలో దానంతట అదే తగ్గునని అనుభవజ్ఞులు చెప్పుదురు. ఏడ్పు తగ్గుట నిజమే. ఏడ్చినను వినువారు లేరని గ్రహించిన బిడ్డయు ఏడ్పు మానును, కుదుటపడిన బిడ్డయు మానును. ఈ రెంటికిని గల భేదము దగ్గఱనుండి చూచు పెద్దమనిషికి గాని తెలియదు.

ఆ పెద్దమనిషి రాత్రివేళ ఎచ్చట నున్నాడు? పగలెల్ల పాఠములు చెప్పి అలసిన ఉపాధ్యాయుడు వంతు వచ్చినపుడు నైట్ డ్యూటీ చేయును. మఱునాడు మఱియొకరి వంతు. కొన్ని చోట్ల కేర్‌టేకరు, ఏఎన్‌ఎం ఉందురు. అనేకమంది పిల్లలకు వా రొక్కరు ఇద్దఱు. డార్మిటరీలో దీపము లార్పిన పిదప జరుగువానిని ఒక్కసారి తలపోయుడు. నిద్రలో పక్క తడుపు పదియేండ్ల బాలుడు అందఱికంటె ముందు లేచి, దుప్పటి మడిచి ట్రంకుపెట్టెలో దాచి తాళము వేయును. అది లోన మాగి కంపు కొట్టువఱకు ఎవరికిని తెలియదు. తెలిసిననాడు వాని కొక పేరు పెట్టుదురు, బడి ముగియువఱకు ఆ పేరు వానిని విడువదు. ఇంట నైనచో తల్లి మాట పొక్కనీయక దుప్పటి ఎండ వేసెడిది. మొదటిసారి రజస్వల యైన బాలిక తనకేదో రోగము వచ్చెనని తెల్లవార్లు కూర్చుండును. పెద్ద తరగతి వాడొకడు తన బట్టలు ఉతికింపగా, చెప్పిన దెబ్బలు పడునని చిన్నవాడు ఊరకుండును. బాలలను కొట్టుట, మానసికముగా వేధించుట 2009 నాటి విద్యాహక్కు చట్టము నిషేధించినది. కాని ఆ చట్టమును డార్మిటరీలో రాత్రి పదిగంటలకు అమలు పఱుప వలసినవా రెవరో నియమింపబడలేదు. కలుషితాహారము తిని పిల్లలు ఆస్పత్రి పాలైననాడు పత్రికలలో వార్త వచ్చును, మంత్రివర్యులు పరామర్శింతురు. ఈ చిన్న రహస్యదుఃఖములకు వార్త లేదు, పరామర్శ లేదు.

ఆదివాసీ బిడ్డల విషయమున ఈ ఏకాంతము ద్విగుణీకృత మగుచున్నది. ఇంట గోండీయో కోయయో మాటలాడిన బాలుడు ఆశ్రమ పాఠశాలలో కడుపునొప్పి యని చెప్పుటకైనను తెలుగు మాటలు వెదకుకొనవలసి వచ్చును. నిజాము కాలమున మానవశాస్త్రజ్ఞుడు హైమన్‌డార్ఫ్ ఆదిలాబాదు జిల్లా మార్లవాయిలో 1943లో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ కేంద్రము నెలకొల్పి, గోండీ వాచకములు సిద్ధపఱపించి, ఆ యువకులనే తమ గూడెములకు పంతుళ్లుగా పంపించెను. బిడ్డను బడికి తరలించుటకు బదులు బడినే బిడ్డ ముంగిటికి తెచ్చిన ఆ మార్గము మనయెదుటనే యుండగా, చిన్న తరగతులనుండియే ఆదివాసీ పిల్లలను వసతిగృహములలో చేర్చుట నా కెన్నడును సమ్మతము గాలేదు. ప్రాథమిక విద్య గూడెములోనే, తల్లి ప్రక్కనే జరుగవలెను.

ఇక ఇల్లును, ఇంటి ప్రక్కనే మంచి బడియు ఉండియు, ఐఐటీ ఫౌండేషన్ పేరట ఆరవ తరగతిలోనే పిల్లలను ప్రైవేటు హాస్టళ్లలో విడుచు తలిదండ్రుల విషయమున నేను మెత్తగా మాటలాడజాలను. పేదవాని బిడ్డ ఇల్లు విడుచుట అవసరము. ఈ బిడ్డ విడుచుట పెద్దల పోటీ. తెల్లవాఱకముందే లేపి, రాత్రి పొద్దుపోవు వఱకు కూర్చుండబెట్టి, ఆటస్థలము లేని అంతస్తుల భవనములో బాల్యమును వ్యయపఱచి కొనిన ర్యాంకునకు మూల్యము చెల్లించువాడు ఫీజు కట్టిన తండ్రి గాడు. ఆ హాస్టళ్లలో ప్రాణములు తీసికొనిన పిల్లలను గూర్చి రెండు రాష్ట్రములలోను ఏటేట చదువుచునే యున్నాము. పండుగకు వచ్చిన బిడ్డ తిరిగి పోవునాడు అన్నము తినక కూర్చుండిన, అది సోమరితన మని కోపించుటకు ముందు ఆనాటి ప్రయాణ మాపి, ఎదుట కూర్చుండి అడుగుడు.

ప్రభుత్వ గురుకులముల విషయమున కోరదగినది దుస్సాధ్యమైనది గాదు. రెండు రాష్ట్రములలోను గురుకులముల సంఖ్య పెంచుటయందు చూపిన ఉత్సాహములో కొంత రాత్రివేళ మీదికి మఱలింపవలెను. ముప్పదిమంది పిల్లల కొకరు చొప్పున, పాఠములు చెప్పు భారము లేక, అక్కడనే నివసించుచు, పిల్లల మనసెఱుగుటకు శిక్షణ పొందిన పెద్దదిక్కు నుంచవలెను. వారికి ఉపాధ్యాయునితో సమానమైన జీతమును, స్థిరమైన ఉద్యోగమును ఈయవలెను. వారిలో ఆ ప్రాంతపు ఇంటిభాష తెలిసినవారు కొంద ఱుండితీరవలెను. తల్లికి ఆదివారపు బస్సు ఛార్జీ ప్రభుత్వమే భరింపవలెను. ఫోను వరుసకు కాలపరిమితి తీసివేసి, ఫోనుల సంఖ్యను పెంచవలెను. సీటు ఇంటికి సమీపముననే ఇచ్చుటకు ప్రయత్నింపవలెను. క్రొత్త భవనమునకు శంకుస్థాపన జరుగునపుడు తరగతి గదులెన్ని యని అడుగు పెద్దలు, డార్మిటరీకి ఆనుకొని ఆ పెద్దదిక్కు కాపురముండు ఇల్లు పటములో ఎచ్చట నున్నదో చూపుమని కూడ ఇంజనీరు నడుగవలెను. లేదన్నచో పటము మార్పించిన పిదపనే రాయి వేయనీయవలెను.