జిల్లేడు చుట్టానికి కాస్త చోటివ్వండి

డాలస్ చుట్టుపక్కల ఏ తెలుగువాళ్ళింటికి వెళ్ళినా పెరట్లో కుండీల్లో కరివేపాకు, మల్లె, తులసి కనిపించక మానవు. చలి మొదలవగానే వాటిని గరాజులోకి మోయడం, మార్చిలో మళ్ళీ బయటికి మోయడం. మా తరం నడుం నొప్పుల్లో సగం ఈ సేవ పుణ్యమే. నేనూ మోసేవాణ్ణే కాబట్టి మానెయ్యమని చెప్పను. నా మనవి ఒక్కటే. ఈ నేలలోనే పుట్టిన పూలమొక్క ఒకదానికి కూడా ఓ రెండడుగుల చోటివ్వండి.

నేను చెప్పేది మిల్క్‌వీడ్ గురించి. పేరులోనే కలుపుమొక్క అనేశారు పాపం! ఆకు తుంచితే పాలు కారతాయి. రథసప్తమినాడు నెత్తిన పెట్టుకునే జిల్లేడుకి ఇది దగ్గరి చుట్టం. మన ఊళ్ళలో జిల్లేడు మీద నారింజరంగు సీతాకోకచిలుకలు గుడ్లు పెడతాయి. వాటి దాయాది మోనార్క్ ఇక్కడ మిల్క్‌వీడ్ మీద పెడుతుంది. మోనార్క్ గొంగళిపురుగు ఈ ఆకు తప్ప ఇంకేదీ తిని బతకలేదు.

మిల్క్‌వీడ్‌లో చాలా రకాలున్నాయి. మా వైపు నేల అచ్చం పల్నాటి నల్లరేగడే. ఎండకి చెయ్యి దూరేంత బీటలు, వానకి చెప్పులు వదలని బంక. ఇక్కడా ఒకప్పుడు పత్తే పండించేవారు. ఈ నేలకి సరిపోయేది గ్రీన్ మిల్క్‌వీడ్, శాస్త్రీయనామం ఆస్క్లెపియాస్ విరిడిస్. వసంతంలో లేతాకుపచ్చ పూల గుత్తులు, మధ్యలో ఊదారంగు. విత్తనాలు నవంబరులో నేలలో చల్లి వదిలేస్తే చాలు, చలి తగిలితేనే బాగా మొలుస్తాయి. మొదటి ఏడు నాలుగాకులు తప్ప ఏమీ కనపడదు. అది కింద వేరు పెంచుకుంటూ ఉంటుంది.

అది తెలియక నేను రెండు తప్పులు చేశాను. ఓ జులైలో మొక్క ఎండిపోయిందనుకుని తవ్వేశాను. చూస్తే లోపల ముల్లంగిలాంటి వేరు పచ్చిగానే ఉంది. ఎండలకి పైన చచ్చినట్టు పడుకోవడం దాని అలవాటట! తెగిన వేరుని మళ్ళీ పాతినా బతకలేదు.

రెండో తప్పు తల్చుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. ఇంకో మొక్కకి పసుప్పచ్చ పేనుబంక పట్టింది. వేపనూనే కదా, ఏం చేస్తుందిలే అని కొట్టాను. మా అమ్మాయి లెక్కపెట్టి పేర్లు కూడా పెట్టుకున్న ఏడు గొంగళిపురుగులు రెండ్రోజుల్లో రాలిపోయాయి. "పురుగు కోసమేగా మొక్క పెంచుతున్నాం నాన్నా?" అంది. ఏం చెప్తాను? ఈ మొక్కకి పురుగు పట్టడం తెగులు కాదు, మనం పెంచేదే అందుకు. పేనుబంకని వేళ్ళతో నలిపేస్తే సరిపోతుంది. చేశాక చేతులు కడుక్కోండి. జిల్లేడు పాలలాగే ఇవీ కంట్లో పడకూడదు.

ఇంత శ్రమ ఎందుకు, షాపులో ఎర్రపూల మిల్క్‌వీడ్ దొరుకుతుందిగా అనొచ్చు. అది ట్రాపికల్ మిల్క్‌వీడ్, ఈ దేశపుది కాదు. అందమైనదే, మొండిదే, చిక్కంతా ఆ మొండితనంతోనే. హ్యూస్టన్ లాంటి చోట్ల చలికాలంలోనూ చావదు. దాని ఆకుల మీద సీతాకోకచిలుకల్ని దెబ్బతీసే పరాన్నజీవి ఒకటి పేరుకుపోతుంది. పైగా మెక్సికో వెళ్ళాల్సినవి కొన్ని అక్కడే ఆగిపోతాయి. ఇప్పటికే పెంచుతుంటే అక్టోబరులో మొదలంటా కొట్టెయ్యండి, చలికాలమంతా చిగురు రానివ్వకండి.

మోనార్క్‌లు మెక్సికో కొండల్లో చలికాలం గడుపుతాయి. 1996-97లో అవి 18 హెక్టార్ల అడవిని కప్పేశాయి. 2023-24కి అది హెక్టారులోపే. మరుసటి ఏడు 1.79 హెక్టార్లకి పెరిగినా, పాత లెక్క ముందు ఎంత? అందుకే 2024 డిసెంబరులో అమెరికా ప్రభుత్వం వాటిని ప్రమాదంలో ఉన్న జీవుల జాబితాలో చేర్చాలని ప్రతిపాదించింది. మొక్కజొన్న, సోయా చేలల్లో కలుపుమందులకి మిల్క్‌వీడ్ మాడిపోవడం ఇందుకు ఒక పెద్ద కారణం.

మన రెండడుగులతో ఆ చేలు తిరిగొస్తాయా? రావు. కానీ మార్చిలో మెక్సికో నుంచి అలిసిపోయి వచ్చేవి తొలి గుడ్లు పెట్టేది చాలావరకు మా టెక్సస్ వైపే. ఉత్తరానికి వెళ్ళేది ఆ పిల్లలు. దార్లో ఆకు దొరక్కపోతే అక్కడితో సరి. కాబట్టి ఇక్కడ ఒక్క మొక్కకీ విలువుంది.

మనకి మొక్కంటే ఏదో ఒకటి చెయ్యాలి. నీళ్ళు, ఎరువు, మందు. దీనికి వేళ్ళూనేదాకా నీళ్ళు పోస్తే చాలు, ఆ తర్వాత కావల్సింది మన ఓపికే. ఈ ఏడు ఆకు అడుగున మూడు గుడ్లు కనిపించాయి. వేపనూనె డబ్బాని మా అమ్మాయి ఎక్కడో దాచేసింది. నేనూ వెతకలేదు.