దిక్కుతోచని వేళ దేవుడే దిక్కు

ఎదుటివాడు మనకంటే బలవంతుడని తేలిపోతే లోకం రెండే దారులు చూపిస్తుంది. తెగించి పోరాడమంటుంది, లేదంటే తప్పుకొని పొమ్మంటుంది. యూదా రాజైన యెహోషాపాతు ఈ రెండూ చేయలేదు. మోయాబీయులు, అమ్మోనీయులు, వారితో మరికొందరు ఏకమై దండెత్తి వచ్చి, అప్పటికే ఏన్గెదీ దాకా చేరారన్న కబురు అందగానే ఆయన భయపడ్డాడు. బైబిలు ఆ భయాన్ని దాచలేదు. రాజు దేశమంతటా ఉపవాసం చాటించి, ప్రజలందరినీ దేవుని మందిరం దగ్గర సమకూర్చి, అందరూ వింటుండగా ప్రార్థించాడు. ఇంత గొప్ప సైన్యం ముందు నిలిచే శక్తి తమకు లేదని, ఏం చేయాలో కూడా తెలియడం లేదని, తమ చూపు మాత్రం దేవుని మీదనే ఉందని ఒప్పుకున్నాడు (2 దినవృత్తాంతములు 20:12).

సింహాసనం మీద కూర్చున్నవాడు తన ప్రజల ముందు 'నాకేమీ తోచడం లేదు' అనడం చిన్న విషయం కాదు. మనం ఇంటి గడప దాటి ఆ మాట అనలేకపోతున్నాం కదా! పత్తికి, మిర్చికి తెచ్చిన అప్పు నెత్తిన పెరుగుతూ ఉంటుంది. బాప్తిస్మం తీసుకున్నామన్న కోపంతో అన్నదమ్ములు పెళ్లికీ చావుకీ పిలవడం మానేసి ఉంటారు. ఇంట్లో తాగుడు వల్ల కన్నీళ్లు ఆగవు. అయినా ఆదివారం ఎవరైనా పలకరిస్తే 'దేవుని కృప, బాగున్నాం' అని నవ్వేస్తాం. నిజం చెబితే విశ్వాసం తగ్గిందనుకుంటారేమోనని మన సంకోచం. కానీ యెహోషాపాతు విశ్వాసం ఆ నిజం ఒప్పుకున్నచోటే మొదలైంది. ఆనాడు మందిరం ముందు పురుషులు మాత్రమే లేరు. భార్యలు, పిల్లలు, చంకలోని పసివాళ్లు సైతం దేవుని సన్నిధిలో నిలబడ్డారని వాక్యం చెబుతోంది.

అప్పుడు దేవుని ఆత్మ యహజీయేలు అనే లేవీయుని ద్వారా మాట్లాడాడు. ఈ యుద్ధం మీది కాదు, దేవునిదే అన్నాడు. ఈ మాట మనందరికీ ఇష్టం. క్యాలెండర్ల మీద అచ్చు వేయించుకుంటాం. దాని వెంటనే వచ్చిన మాటను మాత్రం అంతగా పట్టించుకోం. 'రేపు వారికి ఎదురుగా వెళ్లండి' అని కూడా దేవుడు చెప్పాడు. యుద్ధం తనదైనా తన ప్రజలను ఇంట్లో పడుకొని ఉండమనలేదు. తెల్లవారుజామునే లేచి, శత్రువు వచ్చే దారికే వెళ్లి, అక్కడ నిలబడమన్నాడు. వాళ్లు పాడుతూ తెకోవ అరణ్యానికి వెళ్లారు. గెలుపు ఎలా వస్తుందో బయలుదేరేటప్పుడు వారిలో ఒక్కరికీ తెలియదు.

తెలియకపోయినా వెళ్లి నిలబడడమంటే ఏమిటో మన అడవి ప్రాంతపు సంఘ చరిత్రే చెబుతుంది. చండ్రుగొండ నుంచి అడవుల గుండా ఉత్తరానికి పోయి భద్రాచలం దాటితే గోదావరి ఒడ్డున దుమ్ముగూడెం వస్తుంది. కోనసీమలో గన్నవరం అక్విడక్టు కట్టించిన ఇంజనీరు హేగ్ దొర, ఎగువ గోదావరిలో పడవలు నడిపే పనుల కోసం అక్కడికి వచ్చాడు. మధ్య భారతం పత్తిని నది మీదుగా సముద్రానికి చేర్చాలన్నది ఆనాటి ఆలోచన. ఆనకట్ట కట్టారు, కాలువ తవ్వారు. చుట్టూ ఉన్న కోయలకు సువార్త చెప్పేవారు లేరన్న భారంతో హేగ్ 1860 ప్రాంతంలో అక్కడ మిషను పనికి పునాది వేశాడు. ఆ పనుల దగ్గరే సరఫరా విభాగంలో ఉద్యోగం చేస్తున్న వెంకటరామరాజు అనే రాజపుత్రుడు క్రీస్తును అంగీకరించి, ఉద్యోగం వదిలి కోయల మధ్య సువార్త సేవకు నిలిచాడు. తర్వాత గురువుగా అభిషేకం పొందాడు.

ఆయనకు ఎదురైనవి ఎన్ని! మన్యపు జ్వరాలకు పేరుపడిన నేల అది. దారులు లేవు. కోయల మాట తెలుగు కాదు. వీటన్నిటికీ తోడు 1871లో ప్రభుత్వం ఎగువ గోదావరి పనులను మధ్యలోనే ఆపేసింది. అండగా ఉన్న పనులే లేకుండా పోయాయి. పడవల పథకం ముగిసిపోయింది గాని సువార్త పని ముగిసిపోలేదు. 1870లలో వచ్చిన మిషనరీ జాన్ కేన్ కోయ భాష నేర్చుకొని, లూకా సువార్తను ఆ భాషలోకి తెచ్చాడు. కోయలు గుంపులు గుంపులుగా సంఘంలో చేరలేదు. అయినా వారు తమకు అప్పగించిన చోటు విడిచిపోలేదు.

మనకు పడమటి దిక్కున ఉన్న డోర్నకల్ కథ మరొక రకం. తిరునల్వేలి ప్రాంతపు పల్లె కాపరి కుమారుడైన అజరయ్య 1909లో అక్కడికి వచ్చాడు. ఆయన మాతృభాష తమిళం, వచ్చింది తెలుగు పల్లెలకు. మొదట్లో గుడారమే ఇల్లు. ఆయన్ను బిషప్పుగా చేయాలన్న ప్రతిపాదన రాగానే భారతీయుడు ఆ పదవికి తగడన్న అభ్యంతరాలు లేచాయి. అడ్డు చెప్పినవారిలో మిషనరీలు ఉన్నారు, మన దేశపు క్రైస్తవులూ ఉన్నారు. 1912 డిసెంబర్ 29న కలకత్తాలో ఆయన ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పు అయ్యాడు. తనను కాదన్నవారికి జవాబు చెప్పడం కోసం ఆయన జీవితాన్ని ఖర్చు చేయలేదు. 1945 జనవరి 1న కన్నుమూసేదాకా పల్లె పల్లె తిరిగాడు. బాప్తిస్మం పొందిన ప్రతివాడూ సువార్త చెప్పాలని నిరక్షరాస్యులైన కూలీలకు సైతం నేర్పించాడు. వేలాదిమంది ప్రభువు దగ్గరకు వచ్చారు.

ఒకచోట పంట విస్తారం, మరొకచోట కొద్దిపాటి గింజలు. దేవుడు ఒకరిని ప్రేమించి మరొకరిని మరిచాడా? హెబ్రీ పత్రిక 11వ అధ్యాయం ఈ ప్రశ్నను తప్పించుకోదు. విశ్వాసం ద్వారా కత్తివాత నుంచి తప్పించుకున్నవారి గురించి 34వ వచనంలో ఉంది. అదే విశ్వాసంతో కత్తివాత చనిపోయినవారి గురించి 37వ వచనంలో ఉంది. ఇద్దరికీ ఒకే సాక్ష్యం! కాబట్టి మన కష్టం తొలగిపోలేదు గనుక మన విశ్వాసం తక్కువదని ఎవరైనా అంటే నమ్మనక్కర్లేదు. పక్కింటి విశ్వాసి గురించి మనమూ అలా అనకూడదు.

మరి ఈ వారం మనమేం చేయాలి? ముందుగా దేవుని దగ్గర నిజం చెబుదాం. 'ప్రభువా, నావల్ల కావడం లేదు' అన్నది పరలోకం త్రోసివేసే ప్రార్థన కాదు. ఆ భారాన్ని ఒంటరిగా మోయకుండా సంఘంలో నమ్మదగిన ఇద్దరు ముగ్గురితో, ఇంట్లోని పిల్లలతో కలిసి మోకరిద్దాం. ఎదిరించేవారిని శపించవద్దు. యుద్ధం దేవునిదన్నాక పగ తీర్చుకునే పని కూడా మనది కాదు. మాట్లాడడం మానేసిన అన్న ఇంట్లో జబ్బు చేస్తే పిలవకపోయినా వెళ్దాం. ఆ మీదట రేపు ఉదయం మనకు అప్పగించిన పనికి పోదాం. చేను ఉన్నవాడు చేనికి, బడి చెప్పేవాడు బడికి, కాపరి తన పది కుటుంబాల సంఘానికి.

అప్పు ఒక్క రాత్రిలో తీరకపోవచ్చు. బంధువులు ఈ క్రిస్మస్‌కు కూడా మన గుమ్మం తొక్కకపోవచ్చు. యెహోషాపాతు ప్రజలు నాలుగోరోజున బెరాకా లోయలో కూడి దేవుణ్ణి స్తుతించారు. మన నాలుగోరోజు ఎప్పుడొస్తుందో మనకు చెప్పలేదు. ఆ రోజు దాకా మనతో నడిచేవాడెవరో మాత్రం చెప్పాడు. నేటికి అది చాలు.