ఒట్సెగో పెట్టె



మా అల్లుడు అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలో ఉంటాడు. పోయిన నెల పిల్లల్ని తీసుకుని కూపర్స్‌టౌన్ అనే ఊరు వెళ్ళి వీడియో కాల్ చేశాడు. బేస్‌బాల్ మ్యూజియం ఉన్న ఊరట. పక్కనే పెద్ద చెరువు, ఒట్సెగో దాని పేరు. "ఈ ఊరు కట్టించినాయన ఓట్ల గొడవలో ఇరుక్కున్నాడంట మామయ్యా, మీకు ఇట్టాంటివి ఇష్టం గదా" అన్నాడు. నాట్లు అయిపోయి నాలుగు రోజులు ఖాళీ దొరికితే దాని మీదే కూర్చున్నా. చదివిందగ్గర్నుంచీ మనసులో ఒకటే తిరుగుతోంది, అందుకే ఈ పోస్టు. కాస్త పెద్దదే, ఓపిక చేసుకోండి.

ముందో మాట. అక్కడ గవర్నర్ అంటే ఢిల్లీ నుంచి వచ్చే మన గవర్నర్ లాంటివాడు కాదు. మన ముఖ్యమంత్రి లాంటివాడు, జనం నేరుగా ఓటేసి గెలిపించాలి.

1792 సంగతి. జార్జ్ క్లింటన్ అనే ఆయన 1777 నుంచీ ఏకబిగిన గవర్నర్. పదిహేనేళ్ళు. ఎదురు నిలబడింది జాన్ జే, దేశం మొత్తానికి మొదటి చీఫ్ జస్టిస్. ముందటేడు ప్రభుత్వం మాకోంబ్ అనే వ్యాపారికి 36 లక్షల ఎకరాలు ఎకరం 8 పెన్నీల చొప్పున కట్టబెట్టింది. ఆ భూములమ్మే కమిషనర్లలో క్లింటన్ కూడా ఒకడు. దాని మీద ఊరూరా రచ్చ. ఆయన వాటా తీసుకున్నాడని ఎవరూ రుజువు చేయలేదు గానీ, అంత భూమి అంత చౌకగా ఒక్కడికి పోతే జనం ఊరుకుంటారా! జే మీద వీళ్ళు తిప్పికొట్టింది ఇంకోటి. ఆయన అంతకుముందు బానిసల్ని విడిపించే సంఘానికి పెద్దగా ఉన్నవాడు. గెలిస్తే మీ బానిసల్ని లాక్కుంటాడని బానిసలున్న రైతుల్ని బెదరగొట్టారు.

గవర్నర్‌కి ఓటెయ్యాలంటే, భూమి మీద అప్పు పోను వంద పౌండ్ల విలువ చేసే సొంత భూమి ఉండాలి. గడువు కౌలుకి చేసుకునేవాడికి గవర్నర్ ఓటు లేదు. రాష్ట్ర జనాభా 3,40,120 అయితే ఇద్దరికీ కలిపి లెక్కకొచ్చిన ఓట్లు 16,772. నూటికి ఐదు కూడా కాదు. అంటే ఆ రోజుల్లో ఓటున్న రైతుకి ఆ ఓటు ఎంత విలువైందో ఆలోచించండి.

ఏప్రిల్ ఆఖర్లో ఓటింగ్ అయింది. చీటీలన్నీ పెట్టెలో పెట్టి సీలు వేసి, ఆ కౌంటీ షెరీఫ్ రాజధానికి చేర్చాలి. కౌంటీ అంటే మన జిల్లా లాంటిదనుకోండి, షెరీఫ్ అక్కడి అధికారి. శాసనసభ రెండు సభల నుంచీ తీసిన కమిటీ ఆ పెట్టెలు విప్పి లెక్కపెడుతుంది. ఆ కమిటీ మాటే ఆఖరు, మళ్ళీ ఎక్కడా చెప్పుకునేది లేదని చట్టంలోనే రాసుకున్నారు.

మూడు కౌంటీల పెట్టెల దగ్గర తిరకాసు వచ్చింది. టియోగా పెట్టె తెస్తున్న షెరీఫ్ మనిషి దారిలో జబ్బుపడి ఇంకొకరి చేతికిచ్చాడు. క్లింటన్ కౌంటీ పెట్టె తెచ్చినవాడి దగ్గర, షెరీఫ్ నన్ను పంపాడు అనే రాతకాగితం లేదు. (గవర్నర్ పేరు, కౌంటీ పేరు ఒకటే, కంగారుపడకండి.) అసలు గొడవ ఒట్సెగోది. అక్కడ షెరీఫ్ ఏడాది గడువు ఫిబ్రవరిలోనే తీరిపోయింది. కొత్తాయన్ని వేశారు గానీ ఆయనింకా ప్రమాణం చేయలేదు. మరి పెట్టె ఎవరు పంపాలి? పాతాయనే పంపాడు. ఆయన షెరీఫే కాదు, ఈ పెట్టె చెల్లదు అన్నారు.

ఇది చదువుతుంటే నాకు నా సంగతే గుర్తొచ్చింది. ఒకేడు తుపానుకి చేను మునిగితే పంట నష్టం కాగితం పెట్టుకున్నా. దాని మీద సంతకం పెట్టినాయన అప్పటికే బదిలీ అయ్యాడట, కొత్తాయన ఇంకా చార్జి తీసుకోలేదట. సంతకం చెల్లదు పొమ్మన్నారు. మునిగింది నా చేను, తప్పింది వాళ్ళ తేదీ.

ఒట్సెగోలో జేకి నాలుగు వందల దాకా ఆధిక్యం వస్తుందని అందరి అంచనా. సలహా కోసం ఆ రాష్ట్రం సెనేటర్లిద్దర్నీ అడిగారు. రూఫస్ కింగ్ లెక్కపెట్టాలన్నాడు. ఆరన్ బర్ ఒట్సెగో పెట్టె కుదరదన్నాడు. (1804లో హామిల్టన్‌ని తుపాకీ పందెంలో చంపిన బర్ ఈయనే. అదే ఏడు ఆయనా ఈ గవర్నర్ పదవికే నిలబడి ఓడాడు.) కమిటీలో క్లింటన్ వైపు ఏడుగురు చెల్లవన్నారు, నలుగురు ఒప్పుకోలేదు. మూడు కౌంటీలు పక్కనబెట్టాక లెక్క: క్లింటన్‌కి 8,440, జేకి 8,332. తేడా 108. చీటీలు తగలబెట్టేశారు.

ఇక నా అభిప్రాయం. నిబంధన అనవసరం అని నేననను. పెట్టె ఎవరి చేతుల్లో పడిందో తెలియకపోతే లోపల చీటీలు మార్చేయొచ్చు, అందుకే షెరీఫే తేవాలన్నారు. టియోగా పెట్టె దారిలో చేతులు మారిందంటే నాకూ కాస్త అనుమానం వస్తుంది. కానీ ఒట్సెగోలో ఎవరికీ అనుమానం లేదు. పెట్టె ఎవరు పంపారో తెలుసు, ఎవరు తెచ్చారో తెలుసు. ముద్ర పగిలిందన్న ఫిర్యాదు కూడా కాదు. షెరీఫ్ గడువు ఎప్పుడు తీరిందో ఓటేసిన రైతుకి ఏం తెలుసు? పైగా షెరీఫుల్ని వేసేది ఒక కౌన్సిల్, దానికి పెద్ద ఎవరనుకున్నారు? గవర్నర్ క్లింటనే. తన కౌన్సిల్ వెయ్యాల్సిన ఉద్యోగి కుర్చీ ఖాళీగా ఉంటే, ఆ లోటు వల్ల లాభపడిందీ తనే. ఆయన కావాలని చేశాడని నేననడంలేదు. ఆ పనికి ఆ ఫలితం ఇవ్వకూడదంటున్నా.

ఇంకో వైపు కూడా చెప్పాలి. అల్లుడు చెప్పిన ఆ ఊరి పెద్ద విలియం కూపర్. ఆయన అక్కడి రైతులకి భూములు వాయిదాల మీద అమ్మినవాడు, పైగా కౌంటీ జడ్జి. జేకి ఓటెయ్యకపోతే మీ సంగతి చూస్తా అని బెదిరించాడని ఆరోపణ. నిజమయ్యే వీలుంది, అప్పిచ్చినవాడు గుమ్మంలో నిలబడి అడిగితే ఎవడు కాదంటాడు? అప్పుడు ఆ ఓట్లు మాత్రం రైతులవేనా అని మీరడగొచ్చు. నేనూ అడుక్కున్నా. కానీ పెట్టె పక్కన పెట్టింది ఆ కారణానికి కాదు. ఆ కారణమైతే ఊళ్ళో విచారించాలి, రైతుల్ని పిలిచి అడగాలి, శ్రమ. తేదీ అయితే కూర్చున్నచోటే తేల్చేయొచ్చు.

జే మీద మాత్రం గౌరవం కలిగింది. ఆయన మనుషులు ఊరేగింపులు తీసి, కమిటీ మాట వినేది లేదని కేకలేస్తుంటే, గొడవ వద్దు, వచ్చే ఎన్నికల్లో చూసుకుందాం అన్నాడు. ఆ దేశం కొత్త రాజ్యాంగం నడుస్తున్నది అప్పటికి మూడేళ్ళే. ఆ రోజు ఆయన సై అని ఉంటే ఏమయ్యేదో. 1795లో సంధి పని మీద ఇంగ్లండు వెళ్ళిన ఆయన తిరిగి రాకముందే ఇక్కడ 1,589 ఓట్లతో గెలిచాడు. ఓడ దిగేసరికి గవర్నర్. 1799లో బానిసత్వాన్ని మెల్లమెల్లగా తీసేసే చట్టం మీద సంతకం పెట్టింది కూడా ఆయనే. క్లింటన్‌కీ లోటు జరగలేదు, మళ్ళీ గవర్నరయ్యాడు, ఆ తర్వాత దేశానికి ఉపాధ్యక్షుడయ్యాడు.

ఆగమని చెప్పడం జేకి తేలికే, చీఫ్ జస్టిస్ కుర్చీ అట్టాగే ఉంది. అడవి నరికి, మోడులు పీకి, అప్పు పోను వంద పౌండ్ల భూమి చూపించి ఓటేసిన ఆ ఒట్సెగో రైతుది మాత్రం 1792 ఓటు. దాన్ని 1795లో ఎవరు లెక్కపెట్టారు?

మా అల్లుడికి ఇదంతా చెబితే, ఈసారి వెళ్ళినప్పుడు ఆ కోర్టు ఎక్కడుండేదో కనుక్కుని ఫొటో పంపుతానన్నాడు. పంపితే ఇక్కడే పెడతా. తెల్లారి యూరియా చల్లాలి, ఉంటాను.