సరుగుడు కర్రల ఉయ్యాల
హైదరాబాద్‌లో లేస్తున్న ఏ అపార్టుమెంటు దగ్గరైనా చూడండి. ఇసుక కుప్ప పక్కన సరుగుడు కర్రలకు పాత చీర కట్టిన ఉయ్యాల, దాన్ని ఊపుతూ ఆరేళ్ల అక్క. తల్లి నెత్తిన సిమెంటు తట్ట. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణ 26 వారాల వేతన సెలవిచ్చింది. 50 మంది పనిచేసే చోట శిశు సంరక్షణ కేంద్రం ఉండాలంది. మేస్త్రీ కింద రోజుకూలీకి పోయే ఆమె దాకా ఈ రెండూ రావు. ఇక ఉద్యోగినుల సంగతి: జీతం ఉద్యోగుల బీమా పథకం ఈఎస్‌ఐ పరిధి దాటితే ప్రసూతి సెలవు జీతమంతా యజమాని నెత్తినే. ఇంటర్వ్యూలో ‘పెళ్లయిందా అమ్మా?’ అని ఆరా తీసేది ఊరికే కాదు మరి! ఆ ఖర్చులో ప్రభుత్వం వాటా భరించాలి. కూలి పని ముగిసేదాకా అంగన్‌వాడీ తలుపు తెరిచి ఉండాలి. మన ఎంపీలు వచ్చే బడ్జెట్‌ సమావేశాల్లో ఈ రెండింటికీ పట్టుబట్టాలి.