సంపాదకుని మాట: ఆశకు దారి చూపే వైద్యం

ఈ సంచికను మనసుకు చేసే చికిత్సకు కేటాయించాం. నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీటి కోసం ఎదురుచూసే మిర్యాలగూడ, కోదాడ రైతు కుంగిపోయినా, సూర్యాపేటలో పోటీ పరీక్షలకు చదివే అమ్మాయి కుంగిపోయినా, ఇంట్లో మొదట వినిపించే మాట ‘ధైర్యంగా ఉండు’. ప్రేమతోనే అంటాం. ఆ ధైర్యం ఎక్కడినుంచి తెచ్చుకోవాలో మాత్రం చెప్పలేం.

చికిత్స ఆ పని చేస్తుంది. అమెరికా మనోవైద్యుడు ఆరన్ బెక్ 1974లో నిరాశను కొలిచే 20 వాక్యాల ప్రశ్నావళి రూపొందించారు. ‘ఇక ఏదీ మారదు’ అన్న భావన ఆత్మహత్య ఆలోచనలకు ఎంత దగ్గరో ఆయన పరిశోధనలు చూపాయి. మనస్తత్వవేత్త సి.ఆర్. స్నైడర్ ఆశలో మూడు అంశాలు చూశారు: చేరాల్సిన గమ్యం, అక్కడికి దారులు, నడవగలనన్న నమ్మకం. అందుకే మంచి కౌన్సెలర్ అంతా బాగైపోతుందని హామీ ఇవ్వరు. ఈ వారం చేయగలిగిన ఒక చిన్న పనిని మనచేతే వెతికిస్తారు. అప్పుల లెక్క కాగితం మీద పెట్టడం కావచ్చు, మానేసిన పొద్దుటి నడక కావచ్చు. అది జరిగాక రెండోది.

ఆశ ఒక్కటే అప్పు తీర్చదు, మందుల అవసరాన్నీ తప్పించదు. కానీ ఆశ లేనివారికి మందు వేసుకోవాలనీ అనిపించదు.

2022 అక్టోబరులో మొదలైన మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416 నంబరులో రాత్రింబవళ్లు, ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చు. మీ ఇంట్లో ఎవరైనా మౌనంగా మారితే పక్కన కూర్చుని వినండి. ఆ నంబరు కలిపి ఇవ్వండి. డాక్టరు దగ్గరకు తోడు వెళ్లండి.