అట్టపెట్టెలో ఫలహారము

గత ఉగాదినాటి ఉదయము మన సంఘసభలో జరిగిన ఒక చిన్న సంగతిని ముందుగా మనవి చేసికొందును. వేదికపై ఒక పెద్దమనిషి మాతృభాషారక్షణమును గూర్చి ప్రసంగించుచుండిరి. ప్రసంగము బాగుగనే సాగుచుండెను. ఆ సమయముననే కుర్రవాండ్రు వరుసల వెంట అట్టపెట్టెలు పంచిపెట్టిరి. విప్పి చూచితిని. అందొక కూరపఫ్పు, ఒక కొబ్బరిబన్ను, ఒక కాగితపు రుమాలు ఉన్నవి. నా ప్రక్కన కూర్చున్న మనుమరాలు పఫ్పును కొరికి, "ఇట్లాంటివి ఇంట్లో చేసేదానికి కాదా తాతా?" అని అడిగినది. "ఎందుకు కాదమ్మా? మీ అవ్వ ఒక్కొక్క వాయికి పది కజ్జికాయలు తీసేది" అంటిని. ఆ బిడ్డ నా ముఖము వంక చూచి, "వాయంటే ఏంది తాతా?" అన్నది.

బాణలిలో ఒక్కమారు పట్టినన్ని వేసి తీయుటను వాయి యందురని చెప్పితిని. వేదికపైనుండి భాషను రక్షింపుడని వినబడుచుండగనే నా ప్రక్కన ఒక తెలుగుమాట జారిపోయినది. అది జారిపోవుటకు కారణము నా ఒడిలోని అట్టపెట్టెయే అని నా అభియోగము. ఈ సంచిక చదువు కుటుంబములలో కొందరికి ఇది రుచింపదు. అయినను వ్రాయక తప్పదు.

జిగణిలో మనము నిన్న మొన్న దిగినవారము కాము. ఆనేకల్లు, హోసూరు ప్రాంతములలో తెలుగు తరతరములుగా వినబడుచున్నదే. ఇచ్చట పరిశ్రమలవాడ వెలసిన పిమ్మట చిత్తూరు, అనంతపురముల నుండి మనబోటివారు మరికొందరు వచ్చి చేరిరి. 2011 జనగణనలో కర్ణాటకమున నూటికి దాదాపు ఆరుగురు తెలుగును మాతృభాషగా చెప్పుకొనిరి. సంఖ్య చిన్నది కాదు. కాని బడిలో కన్నడము, ఇంగ్లీషు, కర్మాగారమున హిందీ కలిసిన కలగూరగంప, అంగడిలో కన్నడము. ఇది తగినదే. ఉన్న ఊరి భాష నేర్వనివాడు ఎన్నేండ్లున్నను అతిథిగనే మిగులును. ఇక తెలుగునకు మిగిలిన తావులు దేవునిగూడు, వంటిల్లు. దేవునిగూటి ముందు మనము పలుకునది చాలవరకు సంస్కృతము. కనుక వంటిల్లే దిక్కు.

ఆ వంటింటిలోను అన్నము, చారు వండుటకు మాటలు ఎక్కువ అక్కరలేదు. పిండివంటకు కావలెను. పిండి తడుపుట, మర్దించుట, నాననిచ్చుట, పూర్ణము పెట్టుట, అంచు మలచుట, తీగపాకము, ముదురుపాకము, గుల్లవిరియుట, వాయి తీయుట - ఈ మాటలు బాలశిక్షలో చదివి నేర్చుకొనునవి కావు. చేతికి పిండి అంటినపుడు నాలుకకు అంటునవి. నలుగురు కూర్చుండి రెండు గంటలపాటు ఒకరికొకరు పని చెప్పుకొనవలసిన వంట గనుక పిండివంట భాషకు బడియైనది. దానిని అంగడికి అప్పగించి, ఆపై భాషకొరకు సభలు జరుపుట వింత.

దీనికి ఎదురుచెప్పువారు మూడు తెగలు.

మొదటి తెగవారు ఆచారపరులు. "బన్నులు, పఫ్పులు మనవి కావు. ఇంట దోసెయో ఉప్పుమావో చాలదా?" అందురు. వీరిని ఒక ప్రశ్న అడిగెదను. కూరలో మిరప, ఉర్లగడ్డ ఎవరివి? అవి రెండును అమెరికా ఖండమున పుట్టినవి. పోర్చుగీసువారి ఓడలు మన తీరములు చేరిన పిమ్మటనే మన యింటికి వచ్చినవి. మనము కజ్జికాయ అనుదానిని కన్నడిగులు కర్జికాయి అనియు, మరాఠీలు కరంజీ అనియు, ఉత్తరాదివారు గుజియా అనియు అందురు. ఎవరికి వారే తమదనుకొందురు. బెంగళూరు బేకరీలలో కొబ్బరిపూర్ణము పెట్టి కాల్చు దిల్‌పసందు ఆ కజ్జికాయకు పినతండ్రి కొడుకు వరుస.

ఇక పఫ్పునకు ప్రాణము పొర. పిండిరేకుపై వెన్నరేకు పరచి, మూడు మడతలు చొప్పున ఆరుమారులు మడచి వత్తినచో 729 వెన్నపొరలగును. పొయ్యి వేడికి పిండిలోని, వెన్నలోని నీరు ఆవిరియై పొరలను పైకెత్తును. ఈ మడత కిటుకు మనకు తెలియనిదా? తాపేశ్వరపు మడతకాజా ఏమి? కన్నడిగుల పెండ్లిపంక్తిలో వడ్డించు చిరోటి ఏమి? చిరోటికి పలుచని పూరీలపై నేతిలో కలిపిన బియ్యపుపిండి పూసి, ఒకదానిపై నొకటి పేర్చి, చుట్టి, ముక్కలు కోసి, మరల వత్తి వేయించుదురు. పఫ్పు పొయ్యిలో ఉబ్బునట్లే అది నేతిలో విచ్చుకొనును. కాల్చుటయే అన్యమనువారు చిక్కపేటను తలచుకొనవలెను. 1898 లో అచ్చట బేకరీ తెరచినవారు హాసన్ సీమనుండి వచ్చిన అయ్యంగార్లు. తరువాత ఆ సీమవారే ఊరంతట బేకరీలు పెట్టి, దొరల రొట్టెలో పచ్చిమిరపకాయ, కరివేపాకు తరిగి వేసి ఖారాబన్ను చేసిరి. అంతటి మడిగలవారు చూపిన చొరవ మన వంటింట చూప వెరచుటెందుకు?

రెండవ తెగవారు తీరిక లేనివారు. "అంగడిలో చౌకగా దొరకుచుండగా ఈ తంటా ఏల?" అందురు. వీరిపై నాకు కోపము లేదు. తొలి షిఫ్టునకు పరుగెత్తుచు బేకరీబన్నుతోనే కడుపు నింపుకొన్న ఏండ్లు నాకును కలవు. అంగడిపఫ్పు విషమని బెదరించు వాదము నాకక్కరలేదు. 1937 లో డాల్డా వచ్చినది మొదలు చాలకాలము వనస్పతి చేసిన కీడు నిజమే. 2022 జనవరి నుండి నూనెలలోను ఆహారపదార్థములలోను ట్రాన్స్ కొవ్వు నూటికి రెండు పాళ్ళు మించరాదని ప్రభుత్వ నియమమున్నది. నా వాదము ఆరోగ్యమును గూర్చినది కాదు. ప్రతిదినము చేయుమనియు నేననను. వారమున కొక్క ఆదివారపు ఉదయము చాలును.

ఎట్లనిన, శనివారము రాత్రి 400 గ్రాముల మైదా, 100 గ్రాముల గోధుమపిండి, 9 గ్రాముల ఉప్పు, చెంచాడు చక్కెర, 50 గ్రాముల వెన్న, గోరువెచ్చని నీరు సుమారు 300 మిల్లీలీటర్లు చేర్చి, పిండి సాగునంతవరకు మర్దింపవలెను. మన పుష్యమాసపు చలిరాత్రికి పొడి ఈస్టు 2 గ్రాములు చాలును. తెల్లవారుసరికి మెల్లగా పొంగియుండును. చైత్రవైశాఖములలో అట్లు విడిచిన పులిసిపోవును గనుక ఫ్రిజ్జులో ఉంచుట మేలు. ఉదయము పచ్చిమిర్చి, కొత్తిమిర, కరివేపాకు, ఇచ్చటివారు సబ్బసిగె అను సోయకూర సన్నగా తరిగి కలిపి, పన్నెండు ఉండలు చేసి, మరల పొంగనిచ్చి, 190 డిగ్రీలలో పదునెనిమిది ఇరువది నిమిషములు కాల్చవలెను. బన్నులు రెండవమారు పొంగుచుండగా ఊరకుండ నేల? పావుకిలో పిండికి 60 గ్రాముల నెయ్యి పట్టించి, చన్నీటితో తడిపి, ఎండుకొబ్బరి, పుట్నాలపప్పు, బెల్లపుపొడి, ఏలకులతో కజ్జికాయలు ఒత్తుకొనవచ్చును. బెల్లము తడిగా ఉన్న కరగి అంచు పగిలి కారును, పొడిగా ఉండవలెను. 180 డిగ్రీలలో ఇరువది, ఇరువదియైదు నిమిషములు. నేతిలో వేయించిన కజ్జికాయ రుచి వేరని ఒప్పుకొందును. ఓవెను లేనివారు పాత బాణలిలో ఇసుకయో ఉప్పో పరచి, మూతపెట్టి వేడిచేసి కాల్చుకొన్న దినములను మన తల్లులు ఎరుగుదురు.

పఫ్పునకు మాత్రము వెన్న కరగరాదు. సముద్రమట్టమునకు దాదాపు 900 మీటర్ల ఎత్తున్న మన సీమలో మార్గశిర పుష్యముల వేకువజాము అందుకు దేవుడిచ్చిన వేళ. బెజవాడలోని మా తమ్ముడు ఈ విషయమున మనలను చూచి అసూయపడుచున్నాడు.

మూడవ తెగ స్త్రీలది. వారి ఆక్షేపణమే న్యాయమైనది. ఈ వ్యాసము వ్రాయుచున్నానని చెప్పగా మా వదినగారు, "మరిదిగారూ, వ్యాసం మీరు రాస్తారు, పిండి మేము పిసకాల. తెలుగు బతికేదానికి మా నడుములే కావలసి వచ్చినాయా?" అనిరి. దీనికి బదులు మాటతో చెప్పిన చెల్లదు. పిండివంట ఇండ్లలో మాసిపోవుటకు అంగడికంటె మగవారమే ఎక్కువ కారకులము. నలుబది యేండ్లు పీటముందు కూర్చుండి తిన్నాను, ఒక్కనాడైనను పీటవెనుక కూర్చుండలేదు. అవ్వ అలసిపోగా అమ్మ చేసినది, అమ్మ అలసిపోగా అట్టపెట్టె వచ్చినది. ఆ బరువు మరల వారి నెత్తినే పెట్టుదునేని నా వాదము మోసమగును.

అందుచేత అరువదవ యేట నేనే మొదలుపెట్టితిని. నా మొదటి బన్నులు మన జిగణిలో కోయు గ్రానైటుపలకలకు తీసిపోవు. ఈస్టును మరీ వేడినీటిలో కలిపి చంపితిని. మూడవ ఆదివారమునకు తినదగినవైనవి. పిండి నేను పిసికెదను, నా కుమారుడు వత్తును, మనుమరాలు పూర్ణము పెట్టి అంచు మలచును. కోడలు అప్పుడప్పుడు వచ్చి మా తప్పులు చెప్పి పోవును. ఓవెనులోని పళ్ళెమును మేము వాయి అనుచున్నాము. నిఘంటుకారులు ఏమందురో గాని, "తాతా, రెండో వాయి మాడిపోతాంది" అని మొన్న ఆ బిడ్డ కేకవేయగా నేను పరుగెత్తితిని.

రాబోవు ఉగాదికి అట్టపెట్టెలు కొనరాదనియు, ఆ ధనముతో పిండి, వెన్న, బెల్లము తెచ్చి ముందునాటి సాయంకాలము సభాస్థలముననే పురుషులు, పిల్లలు కూర్చుండి వంద కుటుంబములకు చేయవలెననియు కార్యవర్గమున తీర్మానము పెట్టెదను. బహుమతులు, పోటీలు వలదు; పోటీ పెట్టిన మరల చేయుదానను చూచుచు మనము చప్పట్లు కొట్టెదము. తీర్మానమును బలపరచువారు తమ యింటి అప్పడాలకర్ర వెంట తేవలెను. మాయింట రెండే కలవు.